లెక్క అడగని నమ్మకం

1906 అక్టోబరు 22న మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసింది. మన చరిత్ర రచనలో ఈ సంఘటనకు సాధారణంగా దక్కే చోటు ఒక్క వాక్యం: దొరల కంపెనీ దివాళా తీసింది, జవాబుగా మనవాళ్లు 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టుకున్నారు. ఈ వాక్యం అబద్ధం కాదు. కాని అది మన జాతీయాభిమానాన్ని తృప్తిపరచి, అడగవలసిన ప్రశ్నను మింగేస్తుందని నా అభియోగం.

ఆ కంపెనీలో డబ్బు దాచుకున్నవాళ్లు వేలాదిమంది. మద్రాసు రాజధాని అంటే అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అని మరిచిపోకూడదు. డిపాజిట్టుదారులు చూసినది కంపెనీ లెక్కలు కాదు. అది భాగస్వాముల సొంత వ్యాపారం. ఆస్తి అప్పుల పట్టీని బయటివాళ్లకు చూపవలసిన అగత్యం వాళ్లకు లేదు. జనం చూసినది దాదాపు వందేళ్ల పేరు, యజమాని పేరు ముందున్న 'సర్' బిరుదు. పాలకుడంటే ఉన్న భయమే వ్యాపారి దగ్గరకొచ్చేసరికి నమ్మకంగా వేషం మార్చుకుందని నేననుకుంటాను. ఆ డబ్బుతో లండన్ భాగస్వామి మాక్‌ఫాడ్యన్ స్పెక్యులేషన్ నడిపాడు. దారి మూసుకుపోయాక రైలు కింద పడి చనిపోయాడు. సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగారం పడింది.

స్వదేశీ ఉద్యమం ఊపులో వి. కృష్ణస్వామి అయ్యర్ వంటి వకీళ్లు, చెట్టియార్ల పెట్టుబడి కలిసి కొత్త బ్యాంకును నిలబెట్టారు. గొప్ప పనే, కాదనను. కాని "దొర పోయాడు, మనవాడొచ్చాడు" అన్నంత మాత్రాన డబ్బు పెట్టినవాడికి లెక్క అడిగే బలం వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నూరేళ్ల తర్వాతి హైదరాబాదుకు రావాలి.

సత్యం కంప్యూటర్స్‌లో దొరలు లేరు, మనవాళ్లే. లెక్కలు దాచలేదు కూడా. మూడు నెలలకోసారి అచ్చువేశారు, ఆడిటర్లు సంతకాలు పెట్టారు, 2008లో సుపరిపాలనకు బహుమతి కూడా వచ్చింది! 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసి ఒప్పుకున్నదేమిటంటే, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 1906లో లెక్క కనబడలేదు. ఇక్కడ కనబడిన లెక్కే కట్టుకథ. 2015లో ప్రత్యేక కోర్టు ఆయనతో సహా 10 మందిని దోషులుగా తేల్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ లేఖకు ముందు మూడు వారాలు. 2008 డిసెంబరు 16న కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించారు. భూములు, నిర్మాణాల వ్యాపారం అది. లేని నగదు స్థానంలో ఉన్న ఆస్తిని కూర్చోబెట్టే చివరి ప్రయత్నమని తర్వాత ఆయనే రాశాడు. బయటి డైరెక్టర్లు, పేరుమోసిన ప్రొఫెసర్లతో సహా, దానికి తలూపారు. ఆపినది వాటాదారులు: గంటల వ్యవధిలో కంపెనీ వెనక్కు తగ్గింది. అయితే ఆ గొంతు వేల వాటాలున్న ఫండ్లది. పదో, ఇరవయ్యో వాటాలు కొనుక్కున్న గుమాస్తాను ఎవరూ సంప్రదించలేదు. జనవరి 6న 179 రూపాయల దగ్గరున్న అతని వాటా మర్నాడు సాయంత్రానికి 40 రూపాయల దగ్గరుంది.