వేలూరు కోట: పెడచెవిని పెట్టిన హెచ్చరిక

రక్షణ, భద్రత, గూఢచార వ్యవస్థల అధ్యయనం నేడు స్నాతకోత్తర స్థాయిలో ఒక ప్రత్యేక విద్యాశాఖ. ఆ విద్యను అభ్యసించేవారికి తొలి పాఠం కాదగిన ఉదంతం గుడియాత్తం, వేలూరు ప్రాంతాల తెలుగువారి ముంగిటనే, వేలూరు కోటలో, 1806లో జరిగింది.

శ్రీరంగపట్టణం 1799లో పతనమైన పిదప టిప్పు సుల్తాను కుమారులను కుంఫిణీవారు ఈ కోటలో ఉంచారు. కోట కాపలాలో మదరాసు సైన్యపు సిపాయి పటాలాలుండేవి. (ఆ సైన్యంలో తెలుగువారు విశేషంగా ఉండేవారు. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అనే పేరు ఆంధ్రదేశం నుండి వెళ్లినదే.) 1805 నవంబరు నాటి ఉత్తర్వు నుదుటి బొట్లను, చెవిపోగులను, గడ్డాలను నిషేధించింది, కొత్తరకం తలపాగాను విధించింది. మరుసటి మే నెలలో దానిని నిరాకరించిన వారిలో ఇద్దరికి 900 చొప్పున కొరడా దెబ్బలు కొట్టించారు.

జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి, కుట్ర సాగుతున్నదని ఫోర్బ్స్ దొరకు విన్నవించాడు. దొర విచారణను దేశీయ అధికారులకే అప్పగించాడు. కుట్రలో ఉన్నవారు వారిలోనే ఉన్నారు! వారు బేగ్‌ను పిచ్చివాడని తేల్చారు; అతనిని నిర్బంధించారు. జులై 10 తెల్లవారకముందే సిపాయిలు తిరగబడ్డారు. కోట అధిపతి ఫాన్‌కోర్టుతో పాటు వందకు పైగా తెల్లసైనికులు హతులయ్యారు. ఆర్కాటు నుండి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి ఆనాడే కోటను వశపరచుకొన్నాడు. వందలాది సిపాయిలు నేలకొరిగారు. తలపాగా ఉత్తర్వు రద్దయింది. గవర్నరు బెంటింకును, సేనాధిపతి క్రాడకును 1807లో స్వదేశానికి పిలిపించారు. పిచ్చివాడనిపించుకొన్న బేగ్‌కు 2,000 వరహాల బహుమానం, సుబేదారు పింఛను లభించాయి.

ఇచట సమాచారం ముందుగానే అందింది. దానిని తూచిన చేతులే లోపభూయిష్టం. సిపాయిల భాషలో వారితో నేరుగా మాట్లాడగలిగిన అధికారి ఒక్కడు ఆ విచారణకు కూర్చొని ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో. 1941లో పెర్ల్ హార్బరు, 1973లో ఇజ్రాయెలు ఎదుర్కొన్న ఆకస్మిక దాడుల చర్చలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. 1999 కార్గిల్ యుద్ధం పిమ్మట కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం సైతం గూఢచార లోపాలనే ప్రధానంగా పరిశీలించింది.

దీనిని సైనికుల చదువుగా మాత్రమే తలచడం సరికాదు. మదరాసు విశ్వవిద్యాలయంలో రక్షణ, వ్యూహ అధ్యయనాలకు ప్రత్యేక శాఖ ఉన్నది. నీలగిరులలోని వెల్లింగ్టన్ సైనిక సిబ్బంది కళాశాలలో శిక్షణ పొందే అధికారులకు స్నాతకోత్తర పట్టాను ఇచ్చేది ఆ విశ్వవిద్యాలయమే. సికింద్రాబాదులోని రక్షణ నిర్వహణ కళాశాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయంతో అట్టి అనుబంధం కలదు.

పరిశోధకునికి కావలసిన మదరాసు ప్రభుత్వపు పాత దస్తావేజులు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. గుడియాత్తం స్టేషనులో ఉదయపు రైలెక్కిన విద్యార్థి మధ్యాహ్నానికల్లా ఆ కాగితాల ముందు కూర్చొనవచ్చు.