పాత బుల్లెట్ మీటరులో దాగిన చరిత్ర

తిరువొత్తియూరు అనగానే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తుకొచ్చేది త్యాగరాజస్వామి. అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద ఆయన కట్టిన కీర్తనలు తిరువొత్తియూరు పంచరత్నాలుగా ప్రసిద్ధి. సంగీతం నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ పాడుతుంటారు. మద్రాసుకు ఉత్తరాన ఉన్న అదే ఊళ్ళో ఇంకో చరిత్ర కూడా ఉంది. అది డుగ్ డుగ్ మని చప్పుడు చేసే చరిత్ర.

1950ల మొదట్లో సరిహద్దుల్లో తిరగడానికి గట్టి మోటారు సైకిళ్ళు కావాలని మన ప్రభుత్వం ఇంగ్లండుకు 800 బుల్లెట్లు ఆర్డరిచ్చింది. వాటిని తయారుచేసేది రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ. అది రెడిచ్ అనే ఊళ్ళో ఉండేది. రెడిచ్ అంటే అప్పట్లో కుట్టుసూదులకు పేరుపడ్డ ఊరు. ఈ కంపెనీ మూలం కూడా ఒక సూదుల ఫ్యాక్టరీయే! సూదుల నుంచి సైకిళ్ళకు, సైకిళ్ళ నుంచి 1901లో మోటారు సైకిలుకు వచ్చారు. 1955లో ఆ కంపెనీ, మన మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్ళు. తర్వాత తర్వాత అన్నీ ఇక్కడే తయారయ్యాయి. రెడిచ్ ఫ్యాక్టరీ 1960లలోనే మూతపడింది, తిరువొత్తియూరులో మాత్రం బుల్లెట్ ఆగలేదు.

మా తాతయ్య బుల్లెట్ ఆ మొదటి సంవత్సరాలది. ఆయన దాన్ని వేరేవాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఇప్పుడు మా బాబాయి దాన్ని మళ్ళీ నడిచేలా చేయిస్తున్నారు. ఇంజను గురించి, రంగు గురించి అందరూ రాస్తారు. నేను రాసేది హెడ్‌లైటు డూము పైన ఉండే మీటర్ల గురించి.

1954 నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు హెడ్‌లైటునీ, మీటర్లనీ ఒకే లోహపు తొడుగులో పెట్టారు. నడిమధ్య స్పీడోమీటరు, పక్కన చిన్న ఆమ్‌మీటరు, రెండు వైపులా పిల్లికళ్ళలాంటి చిన్న దీపాలు. ఇప్పటి బుల్లెట్ చూసినా ఆ పోలిక తెలుస్తుంది.

మా బండి స్పీడోమీటరు మీద స్మిత్స్ అని ఉంది. 1851లో లండన్‌లో శామ్యూల్ స్మిత్ అనే ఆయన పెట్టిన గడియారాల దుకాణం నుంచి పుట్టిన కంపెనీ అది. గడియారాలవాళ్ళకు బండి మీటరుతో ఏం పని అని నాకు అనిపించింది. దానికి జవాబు చరిత్రలోనూ ఉంది, ఆ మీటరు లోపలా ఉంది. బ్రిటన్‌లో 1903లో వచ్చిన మోటారు చట్టం కార్లకు గంటకు 20 మైళ్ళ హద్దు పెట్టింది. హద్దు పెట్టాక ఎంత వేగంలో పోతున్నామో తెలియాలి కదా! కొలిచే పనిముట్టు కావాలంటే చిన్న చిన్న పళ్ళ చక్రాలు కోయగలిగిన చేతులు కావాలి. ఆ చేతులు గడియారాలవాళ్ళవే.

ఈ పాత రకం మీటరును క్రోనోమెట్రిక్ అంటారు. ముందు చక్రం తిరిగితే ఒక కేబుల్ తిరుగుతుంది. మీటరు లోపల నిజంగానే ఒక గడియారం యంత్రం ఉంటుంది, టిక్ టిక్ మంటుంది. అది ఒక చిన్న గడువు పెడుతుంది. ఆ గడువులో కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ముల్లును అక్కడ నిలబెడుతుంది. మళ్ళీ గడువు, మళ్ళీ లెక్క. అందుకే ఈ ముల్లు జారదు, గెంతుతుంది. వేగం పెంచితే 30, 33, 37 అని మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. తర్వాత వచ్చిన మీటర్లు వేరు. జర్మన్ ఇంజనీరు ఓటో షుల్ట్‌సే 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో ఒక అయస్కాంతం అల్యూమినియం గిన్నెలో తిరుగుతుంది. గిన్నెను తాకకుండానే దాన్ని లాగుతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. అది చవక, చక్రాలు తక్కువ. 1960ల మధ్యకల్లా బ్రిటిష్ బైకుల్లో గడియారం రకం పోయి అయస్కాంతం రకమే మిగిలింది. నా మట్టుకు నాకు గెంతే ముల్లే ఇష్టం.

లోపల గడియారం ఉంది కాబట్టి బైకు మెకానిక్ దాన్ని ముట్టుకోనన్నాడు. బాబాయి ప్యారిస్ దగ్గర పాత గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు, నేనూ వెళ్ళాను. అద్దం చుట్టూ ఉన్న ఇత్తడి కడ్డీకి మరలు ఉంటాయి, తిప్పితే ఊడి రావాలి. కానీ అది తుప్పుతో బిగుసుకుపోయింది. పెద్దాయన సుత్తి తీయలేదు. నూనె చుక్కలు వేసి రెండు రోజులు పక్కన పెట్టారు. తెరిచాక చూస్తే లోపల నల్లటి జిగురు. కేబుల్‌కు ఎక్కువ గ్రీజు పెడితే అది తిరుగుతూ తిరుగుతూ పైకి పాకి మీటరులోకి చేరుతుందట. అక్కడ ఎండి గట్టిపడి చక్రాలను పట్టేస్తుంది. అందుకే కేబుల్ పైభాగం కొంత మేర పొడిగా వదలాలి. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట ఆయన చెప్పింది నన్ను భయపెట్టింది. రాత్రి మెరవడానికి పాత వాచీల మీద, మీటర్ల మీద రేడియం కలిపిన రంగు పూసేవారు. 1920లలో అమెరికాలో ఈ పని చేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నబడాలని నోట్లో పెట్టుకునేవారు, వాళ్ళలో చాలామంది జబ్బుపడి చనిపోయారు. రంగు మెరవడం కొన్నేళ్ళకే ఆగిపోతుంది, రేడియం మాత్రం సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్ళు పడుతుంది. మెరవడం లేదు కదా అని గోటితో గీకితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. మా డయల్ మీద మామూలు తెల్లరంగే ఉంది. అయినా ఆయన చూసి తేల్చుకున్నాకే చెయ్యి పెట్టారు.

అసలు గొడవ తర్వాత వచ్చింది. మీటరులో మైళ్ళ అంకెలు 41,386 దగ్గర ఆగి ఉన్నాయి. అంటే దాదాపు 66,600 కిలోమీటర్లు. బాబాయి దాన్ని సున్నా చేయించి, డయల్‌కు కొత్త అచ్చు వేయించాలన్నారు. లేదా మొత్తంగా కిలోమీటర్ల మీటరే పెట్టేద్దామన్నారు. ఆయన వాదనలోనూ బలం ఉంది. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి మొదలయ్యాయి, రోడ్డు మీద మైలురాళ్ళన్నీ కిలోమీటరు రాళ్ళయ్యాయి. (మైళ్ళు పోయినా ‘మైలేజీ ఎంతిస్తుంది’ అని అడగడం మాత్రం పోలేదు!) పైగా లెక్క కూడా కుదురుతుంది. ఆ కాలపు బ్రిటిష్ మీటర్లలో ఎక్కువగా కేబుల్ మైలుకు 1600 చుట్లు తిరుగుతుంది. మైలంటే సుమారు 1.6 కిలోమీటర్లు కాబట్టి కిలోమీటరుకు దాదాపు 1000 చుట్లన్నమాట.

నాన్నమ్మ ఒప్పుకోలేదు. “సున్నా చేస్తే ఆయన తిరిగిందంతా తిరగనట్టే కదరా” అంది. బాబాయి నవ్వారు గానీ తిరిగి ఏమీ అనలేదు.

నేను చరిత్ర విద్యార్థిలా ఆలోచించాను. ఆ అంకె ఒక ఆధారం. కానీ ఎంత నమ్మవచ్చు? మొదట కొన్నవాళ్ళు తిరిగిన మైళ్ళు కూడా అందులో ఉన్నాయి. అయిదు అంకెలే కాబట్టి 99,999 దాటితే మళ్ళీ మొదటికి వస్తుంది. నాన్నమ్మను అడిగితే 1978లో చిన్నత్త పెళ్ళి నాటికే ముల్లు కదలడం లేదని చెప్పింది. తాతయ్య బండి నడపడం మానింది 1991లో. అంటే పదమూడేళ్ళ తిరుగుడు ఈ లెక్కలో లేనే లేదు. శాసనంలో కొన్ని పంక్తులు చెరిగిపోతే శాసనాన్ని పారేయం కదా, ఉన్నంతవరకు చదువుతాం. నా ఓటు నాన్నమ్మకే వేశాను.

చివరికి ఒప్పందం కుదిరింది. చక్రాలు విప్పేటప్పుడు అంకెలు కదిలిపోతాయి కాబట్టి ముందే ఫోటో తీశాం, బిగించేటప్పుడు పెద్దాయన మళ్ళీ 41,386కే సరిచేశారు. డయల్‌ను నీళ్ళతో కడగలేదు. పాత అచ్చు తడిస్తే లేచిపోతుందట, మెత్తటి కుంచెతో దులిపారంతే. 50 దగ్గర చిన్న మరక అలాగే ఉంది. ముల్లుకు మాత్రం కొత్త తెల్లరంగు వేశారు. బాబాయి మాట కూడా కొంత నెగ్గింది: అద్దం కొత్తది, రబ్బరు కొత్తది, ఇత్తడి కడ్డీకి మెరుపు పట్టించారు.

ఆమ్‌మీటరు పని ఇంకా మిగిలింది. దాని ముల్లు మధ్యలో సున్నా మీద ఉంటుంది. బ్యాటరీకి కరెంటు చేరుతుంటే ఒకవైపు, ఖర్చవుతుంటే ఇంకోవైపు వాలుతుంది. ఇప్పుడది ఖర్చు వైపే ఇరుక్కుపోయి ఉంది. పుదుపేటలో పాత సామాన్ల మధ్య అలాంటిదే ఒకటి వెతుకుతున్నాం.

స్పీడోమీటరు బిగించిన రోజు తేదీ, 41,386 అంకె, అంతకుముందు పదమూడేళ్ళు మీటరు ఆగి ఉందన్న సంగతి ఒక కాగితం మీద రాశాం. కింద నాన్నమ్మ సంతకం పెట్టింది. ఆ కాగితం ఆర్.సి. పుస్తకంలో ఉంది.