ఏ గుర్రము గెలుస్తుంది?

పందెములు జరిగే రోజు ఉదయము పత్రికలో ఒక మూల చిన్న పట్టిక కనిపిస్తుంది. ఒక్కొక్క పందెమునకు ఎదురుగా మూడేసి గుర్రముల పేర్లు, వాటి క్రింద రెండు మూడు పంక్తుల వ్యాఖ్య. రాజకీయ వార్తలను పైపైన చూచి వదలివేసేవారు కూడ ఈ పట్టికను పెన్సిలు చేతబట్టుకొని చదువుతారు. గుర్రమును ఎన్నడూ దగ్గరనుండి చూడని గుమాస్తా కూడ, ఫలానా గుర్రము తడినేలమీద పరుగెత్తదని, ఫలానా జాకీ కడపటి ఫర్లాంగు వరకు కొరడా ఎత్తడని నిశ్చయముగా చెప్పగలడు. ఈ జోస్యము ఎట్లు పుట్టినది, దీని వెనుక ఉన్నది విద్యయా అదృష్టమా అన్నది ఇప్పుడు మేము విచారింపదలచిన విషయము. రాబోయే శనివారము ఏ గుర్రము గెలుస్తుందో తెలుసుకోవలెనని ఈ పుట తెరచినవారికి మాత్రము నిరాశ తప్పదు.

గుర్రమును చూచి దాని భవిష్యత్తు చెప్పుట మన దేశములో క్రొత్త సంగతి కాదు. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను వెలసిన అశ్వశాస్త్రములు అందుకే పుట్టినవి. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణములను పద్యములలో చెప్పినాడు. వర్ణము, నడక, సకిలింపు, అన్నిటికంటె ముఖ్యముగా ఒంటిమీది సుడులు ఆ శాస్త్రములకు ప్రమాణములు. ఏ సుడి ఎచ్చట ఉంటే ఏలికకు జయము, ఎచ్చట ఉంటే కీడు అన్నది అందులో పెద్ద ప్రకరణము. అదృష్టవంతుని గూర్చి “వాడికి సుడి ఉన్నది” అని ఇప్పటికీ అంటాము. ఆ శాస్త్రములలో గట్టి పరిశీలన లేకపోలేదు. పండ్లను చూచి గుర్రపు వయస్సు నిర్ణయించే పద్ధతిని పశువైద్యులు నేటికీ అనుసరిస్తారు. అయితే ఆ శాస్త్రములు వెదకినది ప్రభువునకు అచ్చివచ్చే గుర్రమును. పది గుర్రములలో ముందు వచ్చేది ఏదన్న ప్రశ్న వారికి లేదు.

ఆ ప్రశ్నకు లెక్కల పుస్తకము తెరచినవారు ఆంగ్లేయులు. జాన్ చీనీ అను ఆయన 1727లో ఇంగ్లండులో జరిగిన పందెముల పట్టికను అచ్చువేసినాడు. జేమ్స్ వెదర్బీ 1773లో ‘రేసింగ్ క్యాలెండరు’ను ఆరంభించినాడు. 1791లో గుర్రముల వంశావళి గ్రంథము బయలుదేరినది. ఏ గుర్రము ఎప్పుడు, ఎచ్చట, ఎంత దూరము, ఎంత బరువుతో పరుగెత్తి ఎన్నవదిగా వచ్చినదో ఇంట కూర్చున్నవానికి సయితము తెలియవచ్చినది. సుడుల స్థానమును చరిత్ర ఆక్రమించినదనవచ్చును.

ఈ నడుమనే, 1769లో, ఎప్సమ్ మైదానములో ఎక్లిప్స్ అను గుర్రము మొదటిసారి పందెమునకు దిగినది. మొదటి పరుగు చూచిన తరువాత డెన్నిస్ ఓకెల్లీ అను ఐర్లండు జూదరి, రెండవ పరుగులో గుర్రములన్నిటి వరుసను తాను ముందుగానే చెప్పగలనని పందెము కట్టినాడట. ఎక్లిప్స్ మొదటిది, తక్కినవి ఎచ్చటా లేవు అన్నది ఆయన చెప్పిన వరుస. గెలిచిన గుర్రమునకు 240 గజములకు మించి వెనుకబడినవాటికి ఆనాటి నియమము ప్రకారము స్థానమే లేదు. ఓకెల్లీ మాట నెగ్గినదని చెప్పుకొంటారు. ఆయన తరువాత ఆ గుర్రమును కొన్నాడు. అది ఓటమి ఎరుగకనే పందెములనుండి విరమించినది.

అన్ని గుర్రములు ఎక్లిప్స్ వంటివైతే అంచనా వ్రాసేవానికి పనిలేదు, పందెము చూచేవానికి వినోదము లేదు. అందుచేత మంచి గుర్రముపై ఎక్కువ బరువు, నాసి గుర్రముపై తక్కువ బరువు మోపి అన్నిటినీ సమానము చేసే పద్ధతి వచ్చినది. దీనినే హ్యాండిక్యాప్ అంటారు. ఈ విద్యకు గురువని చెప్పదగినవాడు అడ్మిరల్ హెన్రీ రౌస్. ఓడలు నడిపిన ఆ నావికుడు గుర్రముల వయస్సునకు, నెలకు, దూరమునకు తగిన బరువుల పట్టికను కూర్చినాడు. 1855లో ప్రభుత్వము వారు కాక, పందెములవారే ఆయనను బరువుల నిర్ణేతగా నియమించుకొన్నారు. ఆయన దృష్టి ఎంత సూక్ష్మమైనదో 1851లో యార్కులో జరిగిన జోడుపందెము చెబుతుంది. అంతకు ముందటి సంవత్సరము వోల్టిజర్ అను గుర్రము, అదివరకు ఓటమి ఎరుగని ఫ్లయింగ్ డచ్‌మన్‌ను ఓడించినది. ఆ రెంటికీ మరల పోటీ పెట్టినారు. డచ్‌మన్ వయస్సులో పెద్దది కావున ఎనిమిదిన్నర పౌండ్లు ఎక్కువ మోయవలెనని రౌస్ తీర్పు చెప్పినాడు. రెండు మైళ్ల పరుగులో డచ్‌మన్ ఒక గుర్రపు పొడవు తేడాతో గెలిచినది. అంత దూరపు పరుగును అంత దగ్గరకు తెచ్చిన లెక్కను అదృష్టమని ఎవరనగలరు?

అయితే చరిత్రను నమ్మి అంచనా వేసేవాడు, ఆ చరిత్ర సత్యమని ముందు నమ్మవలెను. 1844 డెర్బీలో ఈ నమ్మకమునకే దెబ్బ తగిలినది. డెర్బీ మూడేండ్ల గుర్రముల పందెము. రన్నింగ్ రీన్ అను పేరుతో ముందు వచ్చినది నిజమునకు మకాబియస్ అను నాలుగేండ్ల గుర్రము. ఆ వయస్సులో ఒక్క ఏడు తేడా అంటే బాలునకు, యువకునకు గల తేడా. లార్డ్ జార్జ్ బెంటింక్ పట్టుపట్టి ఆధారములు సేకరించినాడు. వ్యవహారము న్యాయస్థానమునకు వచ్చినప్పుడు న్యాయాధిపతి ఆల్డర్సన్ గుర్రమునే తెచ్చి చూపుడన్నాడు. పండ్లు చూస్తే వయస్సు తేలిపోతుంది. గుర్రము రాలేదు, దావా నిలువలేదు. విజయము రెండవదిగా వచ్చిన ఓర్లాండోకు దక్కినది. వంశావళులు, క్యాలెండర్లు, బరువుల పట్టికలు ఇన్ని ఉండగా, కడపటికి మన శాలిహోత్రుల పంటి పరీక్షయే నిజము తేల్చవలసి వచ్చుట మాకు కొంత వినోదముగా తోస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో పత్రికలు ఈ విద్యను ఇంటింటికి తెచ్చినవి. లండనులో 1859లో ‘స్పోర్టింగ్ లైఫ్’, చికాగోలో 1894లో ‘డైలీ రేసింగ్ ఫారమ్’ వెలువడినవి. 1948లో ఫిల్ బుల్ ‘టైమ్‌ఫామ్’ స్థాపించి, గడియారపు కాలమును బట్టి ప్రతి గుర్రమునకు ఒక అంకె కట్టే పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినాడు.

ఒక దినపు పందెములకు అంచనా వ్రాసేవాడు చేసే పని ఏమిటి? ముందుగా గుర్రము గత నాలుగైదు పరుగులు చూస్తాడు. స్థానము కాదు, ఎటువంటి గుర్రములతో పరుగెత్తి ఆ స్థానము తెచ్చుకొన్నదో చూస్తాడు. గొప్ప గుర్రముల నడుమ నాలుగవదిగా వచ్చినది, నాసి గుంపులో మొదటిదానికంటె మేలు కావచ్చును. పిదప దూరము. 1200 మీటర్లలో మెరుపువలె పోయేది 2400 మీటర్లలో ఆయాసపడుతుంది. తరువాత బరువు: మైలు పందెములో ఒక గుర్రపు పొడవును సుమారు రెండు పౌండ్లకు సమానముగా బ్రిటనులో లెక్కకట్టుతారు. పిమ్మట నేల తడియా గట్టియా, ఎన్నవ గడినుండి బయలుదేరుతుంది, జాకీ ఎవరు, శిక్షకుడు దీనిని ఈ పందెముకొరకే సిద్ధపరచినాడా లేక మరొకదానికి అలవాటు చేస్తున్నాడా. ఇక తెలవారుజామున మైదానమునకు పోయి గుర్రముల సాధన పరుగులను గడియారము పట్టుకొని చూడవలెను. ఆ చలిలో చూచినదానికి, పుస్తకములో చదివినదానికి పొత్తు కుదిరినప్పుడే గట్టి అంచనా వస్తుంది.

ఇంత చేసినా తప్పుతుంది. అమెరికాలో మ్యాన్ ఓ వార్ 21 పందెములలో 20 గెలిచినది. ఓడిన ఆ ఒక్కటి 1919లో సరటోగాలో. ఆరంభము సరిగా కుదరలేదు, పైన 130 పౌండ్ల బరువు. 115 పౌండ్లు మోసిన అప్‌సెట్ అను గుర్రము దానిని దాటిపోయినది. 1956లో ఇంగ్లండు గ్రాండ్ నేషనల్‌లో రాజమాతగారి గుర్రము డెవన్ లాక్ కంచెలన్నీ దాటి, అందరికంటె ముందుండి, గమ్యము కొద్ది గజములలో ఉండగా చదునైన నేలమీద చతికిలబడినది. కారణము ఇదమిత్థమని నేటికీ తేలలేదు. ఆనాడు దానిపై స్వారి చేసిన డిక్ ఫ్రాన్సిస్ తరువాత పేరుమోసిన నవలాకారుడైనాడు.

మన ప్రాంతములకు ఈ వినోదము దొరలతోనే వచ్చినది. చెన్నపట్టణము గిండీలో పందెములు 1777నుండి ఉన్నవంటారు. హైదరాబాదులో 1868లో మౌలాలీ మైదానమున ఆరంభమైన పందెములను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించినాడు. ఆ కాలపు పందెములలో అరబ్బు గుర్రములదే ప్రాబల్యము. పారశీక సింధుశాఖ దాటి బొంబాయి రేవులో దిగిన గుర్రమునకు వెనుకటి చరిత్ర ఏమున్నది? పలుచోట్ల దాని ఎత్తు కొలిచి, ఎత్తును బట్టి బరువు పెట్టేవారు. చరిత్ర తెలిసిన గుర్రములు మన దేశములోనే పుట్టి పెరిగిన తరువాతనే ఇచ్చటి అంచనాలకు గట్టి ఆధారము దొరికినది. 1943లో బొంబాయి మహాలక్ష్మి మైదానమున జరిగిన తొలి ఇండియన్ డెర్బీని బరోడా మహారాజా వారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్ గెలుచుకొన్నది.

ఇక డబ్బు సంగతి. గుర్రమును ఎన్నుట ఒకటి, దానిమీద లాభము పొందుట మరొకటి. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లర్ ఒక క్రొత్త పద్ధతి పెట్టినాడు. అందరి సొమ్ము ఒకచోట పోసి, నిర్వాహకుల భాగము తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుట. 1913లో న్యూజిలాండులోని ఎలర్స్‌లీ మైదానమున జార్జ్ జూలియస్ దీనికి పెద్ద యంత్రమునే అమర్చినాడు, అదే టోటలైజేటరు. ఈ పద్ధతిలో పందెగాడు పోరాడేది గుర్రములతో కాదు, తక్కిన పందెగాండ్ర తెలివితో. ఎక్కువమంది సొమ్ము కట్టిన గుర్రము, అనగా ఫేవరిట్, సుమారుగా మూడు పందెములలో ఒకటి గెలుస్తుంది. కాబట్టి జనము తెలివితక్కువది కాదు. ఒక గృహస్థు ముప్పది పందెములలో ఫేవరిట్‌పై పదేసి రూపాయలు కట్టినాడనుకొందాము. మూడువందలు పోసినాడు, పది గెలిచినాడు. గెలిచినప్పుడెల్లా సగటున ఇరువదినాలుగు వచ్చినా, చేతికి రెండువందల నలుబది. అంచనా బాగుగనే ఉన్నది. అరువది రూపాయల సరుకులు మాత్రము ఇంటికి రాలేదు. నోరూరించే పెద్ద ధర పలికే గుర్రములపై ఆశపడేవారికి ఇంతకంటె నష్టమని 1949లోనే గ్రిఫిత్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు లెక్కలు చూపినాడు.

ఈ నష్టమును చూచియే 1974లో తమిళనాడు ప్రభుత్వము పందెములను రద్దుచేస్తూ చట్టము తెచ్చినది. వివాదము సుప్రీంకోర్టుకు ఎక్కినది. పేకాట రమ్మీలో నేర్పే ప్రధానమని ఆ న్యాయస్థానము 1967లోనే, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని వ్యాజ్యములో, చెప్పియున్నది. 1996 జనవరి 12న గుర్రపు పందెములకూ అదే సూత్రము వర్తింపజేసినది. గుర్రము సత్తా, శిక్షణ, జాకీ సామర్థ్యము, బరువు, దూరము ఇవన్నీ దాపరికము లేక పందెగాని ఎదుట ఉంటవి. వాటిని తూచి నిర్ణయించుట నేర్పు గాని కేవల అదృష్టము కాదన్నది తీర్పు సారాంశము. పత్రిక మూలనున్న ఆ చిన్న పట్టికకు ఇంతటి గౌరవము అంతకు ముందు ఎన్నడూ దక్కలేదు. గుర్రము విషయములో ఆ తీర్పు సరియైనదే అని మా అభిప్రాయము. ఆ గృహస్థు అరువది రూపాయల ప్రశ్నకు అది సమాధానము కాదు.

ప్రభుత్వములు పన్నులవైపు దృష్టి మరల్చినవి. 2023 అక్టోబరు నుండి, కట్టిన పూర్తి సొమ్ముపై 28 శాతము జి.ఎస్.టి. నిర్ణయమైనది, 2025 సెప్టెంబరులో అది 40 శాతమైనది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము గిండీ మైదానపు లీజును రద్దుచేసి సుమారు 160 ఎకరముల భూమిని స్వాధీనపరచుకొన్నది. వ్యవహారము మరల న్యాయస్థానము మెట్లెక్కినది. ఈమారు అచ్చట వాదము నేర్పా అదృష్టమా అని కాదు, భూమి లీజును గూర్చి.