మైక్రాన్ వాదర కోసం

విద్యుత్తు, అయస్కాంతాల మీద పరిశోధనలతో పేరు పొందకముందు మైకేల్ ఫారడే ఉక్కు మీద పనిచేశాడు. ఆయన కమ్మరి కొడుకు. లండన్‌లో శస్త్రచికిత్స పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820లో మిశ్రమ ఉక్కుల మీద ఒక పత్రం ప్రచురించాడు. ఆ ఉక్కుతో చేయించిన గడ్డం కత్తులను మిత్రులకు కానుకగా ఇచ్చేవాడు.

స్టోడార్ట్‌ను ఈ దారి పట్టించింది మన దేశపు ఉక్కు. బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు 1790లలో కొన్ని ఉక్కు ముద్దలను లండన్‌కు పంపాడు. వాటిని పరీక్షించిన జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి తన ఫలితాలు సమర్పించాడు. స్టోడార్ట్ ఆ ఉక్కును సాగగొట్టి చాకు చేసి చూశాడు. సన్నని వాదర కావలసిన పనిముట్లకు ఇదే మేలని ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. ఇంగ్లండులో వూట్జ్ అని పిలిచిన ఈ ఉక్కు తయారైన చోట్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి కరిగించే తీరును భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయ్సీ చూసి రాశాడు. ఆయన పోయాక 1832లో ఆ వర్ణన అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసమే అంత దూరం వచ్చేవారని అందులో ఉంది. ఫారడే ప్రయోగశాల గురించి చదువుకునే మన పిల్లలకు ఈ ఊరి పేరు కూడా చెప్పాలి.

గడ్డం కత్తికి అంత మంచి ఉక్కు ఎందుకు కావాలి? బాగా సానపట్టిన కత్తి వాదర ఒక మైక్రాన్ కంటే పలుచన. ఉక్కులో ఎక్కడైనా చిట్టెం పోగు చిక్కుకుని ఉంటే, వాదర అంత పలుచనైనప్పుడు సరిగ్గా అక్కడే పెళుసుగా విరుగుతుంది. కొడవలిలోనో గొడ్డలిలోనో బయటపడని లోపం ఇక్కడ చర్మం మీద తెలుస్తుంది. ఐరోపాలో ఈ చిక్కు తీర్చినవాడు బెంజమిన్ హంట్స్‌మన్. ఆయన గడియారాల పనివాడు, స్ప్రింగులకు నమ్మకమైన ఉక్కు కోసం వెతికాడు. 1740 ప్రాంతంలో షెఫీల్డ్ దగ్గర హాండ్స్‌వర్త్‌లో ఉక్కును మూసల్లో పూర్తిగా కరిగించి పోతపోశాడు. కరిగిన ఉక్కులో చిట్టెం పైకి తేలిపోతుంది, కర్బనం అంతటా సమంగా కలుస్తుంది. ఇది మరీ గట్టిగా ఉందని షెఫీల్డ్ కత్తుల పనివాళ్లు మొదట ముట్టుకోలేదు. ఫ్రాన్సు వాళ్లు కొని మంచి కత్తులు చేసి పంపాక గాని వాళ్ల మనసు మారలేదు.

ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి సమ్మెటతో సాగగొట్టడంతో కత్తి పని మొదలవుతుంది. వీపు మందంగా, వాదర వైపు పలుచగా, వెనక పట్టుకునే తోక సన్నగా వచ్చేలా కొడతారు. తర్వాత నిండు ఎరుపు దాకా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచుతారు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది గాని గాజులా పెళుసుగానూ ఉంటుంది. ఆ పెళుసుదనం పోవడానికి మళ్లీ తక్కువ వేడి మీద కాస్తారు. మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత గడ్డి రంగు పొర కనిపించేసరికి ఆపాలి. అంటే దాదాపు 220 డిగ్రీల సెంటీగ్రేడు. నీలం రంగు వచ్చిందంటే కత్తి మెత్తబడినట్టే, దానికిక పదును నిలవదు. కొలతల పనిముట్లు లేని రోజుల్లో ఇదంతా కంటితోనే తేల్చుకునేవారు.

ఆ తర్వాతిది సాన. కత్తి రెండు పక్కలనూ తిరిగే రాతి మీద అదిమి లోపలికి గుంట పడేలా అరగదీస్తారు. రాయి ఎంత చిన్నదైతే గుంట అంత లోతు. 19వ శతాబ్దం చివరికి ఈ పనిలో జర్మనీలోని జోలింగెన్ వాళ్లు ఆరితేరారు. వాళ్ల కత్తి వాదర దగ్గర గోటితో నొక్కితే వంగేంత పలుచగా ఉండేది, గీస్తున్నప్పుడు సన్నగా మోగేది. గట్టిపరిచాక సానపడతారు కాబట్టి రాపిడి వేడికి పదును చెడకుండా చూసుకోవడం మరో పరీక్ష.

షెఫీల్డ్‌లో ఈ పని చేసినవాళ్లు ఇసుకరాయి చక్రాల ముందు వంగి కూర్చునేవారు. రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు శ్రామికుల మీద రాసిన పుస్తకంలో నైట్ అనే షెఫీల్డ్ వైద్యుడి లెక్కలు ఉదహరించాడు. పొడి రాయి మీద ఫోర్కులు సానపట్టేవాళ్లు 28 నుంచి 32 ఏళ్ల లోపే చనిపోయేవారు. పొడిగానూ తడిపీ సానపట్టే గడ్డం కత్తుల పనివాళ్లు 40, 45 మధ్య పోయేవారు. కొమ్ము పిడితో, దంతపు పిడితో తళతళలాడే పాత షెఫీల్డ్ కత్తిని మెచ్చుకునేటప్పుడు ఈ వయసులు కూడా మనసులో ఉంచుకోవడం న్యాయం.

ఇంత శ్రమ పడి వచ్చిన కత్తిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది దాని వీపు. వంటింటి కత్తికి పదును పెట్టేవాళ్లు రాతి మీద ఎంత ఏటవాలుగా పట్టాలో చేతి అలవాటుతో నిర్ణయించుకోవాలి. గడ్డం కత్తికి ఆ బెంగ లేదు. వీపు, వాదర రెండూ రాయికి ఆనేలా పడుకోబెడితే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. ఏళ్ల తరబడి రాపిడికి వాదర అరుగుతుంది, దానితోపాటు వీపూ కాస్త అరుగుతుంది, అందుచేత కోణం పెద్దగా మారదు. చేసినవాడు తన తర్వాత ఎప్పుడో పదును పెట్టబోయేవాడి పని కూడా ముందే చేసిపెట్టాడన్నమాట.

రాతి మీద వాదరను ముందుకు నడిపిస్తారు, చేతి బరువు మోపరు. కత్తి వాదర రాతి వెడల్పుకన్నా పొడవు కాబట్టి మొదలు నుంచి కొస దాకా ఏటవాలుగా లాగుతారు. తిప్పేటప్పుడు వీపు మీదుగా తిప్పాలి. వాదర మీదుగా తిప్పితే అంతవరకూ పడిన శ్రమ అక్కడితో పోతుంది. ఈ పనికి బెల్జియం ఆర్డెన్స్ కొండల్లో దొరికే పసుపు రాయికి చాలాకాలంగా పేరుంది. అందులో ఉండే సన్నని గార్నెట్ రేణువులు ఉక్కును మెల్లగా, లోతుగా గీరకుండా కోస్తాయి. రాయి పని అయ్యాక నార పట్టీ మీద, తర్వాత తోలు మీద లాగుతారు. ఇక్కడ దిశ మారుతుంది. వీపు ముందు, వాదర వెనుక. తోలు లోహాన్ని కోయదు, కంటికి కనపడకుండా వంగిన వాదరను మళ్లీ నిలబెడుతుంది. అందుకే రాయి అవసరం నెలలకోసారి వస్తే తోలు అవసరం ప్రతి గడ్డానికీ ఉంటుంది. మన ఊళ్లలో నాయీబ్రాహ్మణ వృత్తిదారుల పొదిలోనూ మంగలి కత్తితోపాటు సానరాయి, తోలు ఉండేవి. తోలు లేకపోతే అరచేతి మీదే రెండువైపులా లాగేవారు.

1903లో అమ్మకానికి వచ్చిన జిల్లెట్ రేజరు ఈ విద్య అవసరాన్ని ఇళ్లలో తగ్గించింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా తన సైనికులకు దాదాపు 35 లక్షల జిల్లెట్ రేజర్లు ఇచ్చింది, వాళ్లు ఆ అలవాటుతోనే ఇళ్లకు తిరిగొచ్చారు. మన క్షౌరశాలల్లో మంగలి కత్తి ఇంకా చాలాకాలం నిలిచింది. ఒకరి రక్తం మరొకరికి అంటుతుందన్న భయం, ముఖ్యంగా ఎయిడ్స్ గురించి జనానికి తెలిశాక, దాన్ని పక్కన పెట్టించింది. సగం బ్లేడు బిగించి వాడి పారేసే పిడి వచ్చింది. ఆ మార్పు సరైనదే. మనిషికో కొత్త బ్లేడు అని పట్టుబట్టడంలో తప్పు లేదు.

సొంతానికి వాడుకోవాలనుకునేవాళ్లకు జోలింగెన్‌లోనూ ఫ్రాన్సులోని తియేర్‌లోనూ ఇంకా కొత్త కత్తులు తయారవుతున్నాయి. తాత పెట్టెలో పాత కత్తి దొరికిందా, ముందు వాదరను వెలుతురులో పెట్టి చూడండి. వీపు మీది తుప్పు తుడిస్తే పోతుంది. వాదర అంచున తుప్పు తిన్న గుంటలుంటే మాత్రం అవి మాయమయ్యేదాకా ఉక్కు అరగదీయాలి. వీపు ఒక పక్కే ఎక్కువ అరిగి ఉంటే ఎవరో ఒత్తి పట్టి సాన పెట్టారని అర్థం. అలాంటిదాన్ని మీరే రాతి మీద పెట్టకుండా పని తెలిసినవాళ్ల చేతికివ్వండి.