సాపేక్షతా సిద్ధాంతపు పునాదులపై ప్రశ్నలు: శ్రీహరికోట గడియారాల సాక్ష్యం

ఉపోద్ఘాతం

1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతానికి రెండు పునాదులున్నాయి. స్థిరవేగంతో సరళరేఖలో కదిలే పరిశీలకులందరికీ భౌతిక నియమాలు ఒక్కటేనన్నది మొదటిది. శూన్యంలో కాంతివేగం, దానిని వెలువరించే వస్తువు చలనంతో నిమిత్తం లేకుండా, ఒకే విలువ కలిగి ఉంటుందన్నది రెండవది. వీటి పర్యవసానంగా చలనంలో ఉన్న గడియారం నెమ్మదిగా నడవాలి. లోకానుభవానికి విరుద్ధంగా తోచే ఈ ఫలితాన్ని భౌతికశాస్త్రవేత్తలే పలుమార్లు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలను అజ్ఞానమని కొట్టివేయడం గానీ, వాటితోనే సిద్ధాంతం కూలిపోయిందనడం గానీ చరిత్రకు న్యాయం చేయదు. ప్రశ్న కొలతగా మారినప్పుడే పునాది బలం తేలింది. నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి నింగికెగసిన గడియారాలు ఇందుకు తెలుగువారికి అతి సమీపమైన నిదర్శనం.

సాన్యాక్ ప్రశ్న

1913లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ సాన్యాక్, తిరిగే బల్లపై ఒకే మార్గం వెంట రెండు కాంతికిరణాలను ఎదురెదురు దిశలలో పంపాడు. బల్ల తిరిగినప్పుడు వ్యతికరణ పట్టీలు పక్కకు జరిగాయి. ఇది ఈథర్ ఉనికికి రుజువని ఆయన ప్రకటించాడు. అయితే సాపేక్షత ప్రకారం కూడా ఇదే ఫలితం రావాలని మాక్స్ ఫాన్ లావే 1911లోనే చూపాడు. 1921లో పాల్ లాంజెవాన్ దానిని మరింత వివరించాడు. కాంతి చుట్టి వచ్చేలోగా బల్ల కొంత జరుగుతుంది గనుక ఒక కిరణం ఎక్కువ దూరం, మరొకటి తక్కువ దూరం ప్రయాణిస్తాయి. కాంతివేగ నియమం వర్తించేది త్వరణం లేని నిర్దేశ చట్రాలకే గాని తిరిగే బల్లకు కాదు. ఈ విధంగా సాన్యాక్ ఆక్షేపణ సిద్ధాంతాన్ని పడగొట్టకపోయినా దాని సరిహద్దును స్పష్టం చేసింది.

1971: ఒకే ఏట మూడు ఘటనలు

1955లో జాక్ ప్యారీతో కలిసి తొలి ఆచరణయోగ్యమైన సీజియం గడియారాన్ని నిర్మించిన లూయీ ఎసెన్ స్వయంగా సాపేక్షతా విమర్శకుడు. కొలత ప్రమాణాల విషయంలో ఐన్‌స్టీన్ పొరబడ్డాడని వాదించే ఆయన విమర్శ గ్రంథం 1971లో వెలువడింది. ఆ ఏడాది అక్టోబరులోనే జోసెఫ్ హఫీలే, రిచర్డ్ కీటింగ్ నాలుగు సీజియం గడియారాలను ప్రయాణికుల విమానాలలో భూమి చుట్టూ తిప్పారు. తూర్పు యాత్రలో గడియారాలు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి; అంచనా 40. పశ్చిమ యాత్రలో 273 నానోసెకన్లు ముందుకు సాగాయి; అంచనా 275. వేగం, గురుత్వం రెండింటి ప్రభావాలూ ఈ అంచనాలలో చేరి ఉన్నాయి. తూర్పు అంకెల మధ్య తేడా కూడా వాటికి పేర్కొన్న అనిశ్చితి పరిధిలోనే ఉంది. ఈ రెండు యాత్రలకూ నడుమ, అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి తొలి రాకెట్టు రోహిణి-125 ఎగిరింది. ఈ రెంటికీ పరస్పర సంబంధం లేదు. అయితే విమానాలలో పరీక్షకు నిలిచిన గడియారాలు తరవాతి కాలంలో ఉపగ్రహాలనెక్కాయి.

సందేహానికి ఒక మీట

1977లో అమెరికా ఎన్‌టీఎస్-2 ఉపగ్రహాన్ని ప్రయోగించే నాటికి, సాపేక్షతా సవరణ నిజంగా అవసరమా అన్న సందేహం దాని బృందంలోనే కొందరికి ఉండేది. అందువల్ల సవరణ పరికరాన్ని అమర్చి, మొదట దానిని ఆపి ఉంచారు. సుమారు ఇరవై రోజులు గడియారాన్ని దాని మానాన నడవనిచ్చారు. అది లక్ష కోట్లలో 442.5 పాళ్లు వేగంగా నడిచింది. సిద్ధాంతం చెప్పినది 446.5 పాళ్లు. సందేహించినవారిని మందలించకుండా, వారి సందేహానికి ఒక మీటను కేటాయించడం ఈ ఘట్టంలోని విశేషం.

శ్రీహరికోట నుంచి నావిక్

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రస్తుతం తిరుపతి జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి 2013 జూలై 1న భారత నావిగేషన్ వ్యవస్థ ‘నావిక్’కు చెందిన తొలి ఉపగ్రహం బయలుదేరింది. 2016 ఏప్రిల్ నాటికి ఏడు ఉపగ్రహాలు కక్ష్యలకు చేరాయి. భూభ్రమణంతో సమానమైన కాలంలో తిరిగే ఈ ఉపగ్రహాల వేగం సెకనుకు సుమారు 3.07 కిలోమీటర్లు. ఆ వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు సుమారు 4.5 మైక్రోసెకన్లు నెమ్మదిస్తాయి. ఎత్తులో గురుత్వం బలహీనంగా ఉండటం వల్ల సుమారు 51 మైక్రోసెకన్లు వేగిరపడతాయి. మొదటిది ప్రత్యేక సాపేక్షత వాటా, రెండవది సాధారణ సాపేక్షత వాటా. మొదటి వాటాను విస్మరిస్తే ఒక్క రోజులో పోగుపడే లోపం, కాంతి దాదాపు 1.36 కిలోమీటర్లు ప్రయాణించే కాలానికి సమానం.

సాన్యాక్ ప్రశ్న కూడా ఇక్కడ లెక్కగా మారింది. తూర్పు రేఖాంశం 32.5 డిగ్రీల మీద నిలిచిన ఉపగ్రహం నుంచి శ్రీహరికోటకు వచ్చే సంకేతం, భూమి తిరుగుతున్నందువల్ల దాదాపు 47 మీటర్లు అదనంగా ప్రయాణించాలి. 131.5 డిగ్రీల నుంచి వచ్చేదానికి దాదాపు 50 మీటర్లు తగ్గుతాయి. ఈ సవరణ లేకుంటే సముద్రంలో పడవ ఉన్న చోటు తప్పుతుంది.

గడియారం ఆగడం వేరు, సిద్ధాంతం తప్పడం వేరు. తొలి నావిక్ ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ 2017 ఆరంభానికల్లా విఫలమయ్యాయి. అవి విదేశాల నుంచి తెప్పించుకున్న గడియారాలు. 2023 మే 29న ఎన్‌వీఎస్-01 స్వదేశీ రుబీడియం గడియారంతో బయలుదేరింది. మారింది పరికరమే, సవరణ సూత్రం మారలేదు.

ముగింపు

పునాదులపై ప్రశ్నలన్నీ ముగిశాయనలేము. కాంతి వెళ్లి తిరిగి వచ్చే వేగాన్ని ఒక్క గడియారంతో కొలవవచ్చు. ఒకవైపు వేగాన్ని కొలవాలంటే రెండు గడియారాలను ముందుగా కలపాలి. అలా కలపడానికి మళ్లీ కాంతివేగం గురించిన ఒక ఒప్పందం కావాలి. ఐన్‌స్టీన్ 1905 వ్యాసంలోనే దీనిని నిర్వచనంగా పేర్కొన్నాడు. ఇది వాస్తవమా, కేవలం ఒప్పందమా అన్న చర్చ శాస్త్ర తత్త్వవేత్తల మధ్య నేటికీ సాగుతోంది. కాబట్టి సాపేక్షతను ప్రశ్నించే ఎవరికైనా ఈ చరిత్ర ఒకే షరతు విధిస్తున్నది. తమ వాదం ప్రకారం గడియారం ఎన్ని నానోసెకన్ల తేడా చూపాలో వారు ముందుగా చెప్పాలి. సాన్యాక్ తన బల్లతోనూ, ఎన్‌టీఎస్-2 బృందం తమ మీటతోనూ చేసింది అటువంటి పనే.