స్వచ్ఛంద సేవా పర్యాటకం: అతిథేయ సమాజపు అంగీకారం

మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఎస్న్ అనే ఫ్రెంచి గ్రామంలో 1920లో స్విస్ శాంతివాది పియర్ సెరెసోల్ పునర్నిర్మాణ శిబిరాన్ని ప్రారంభించాడు. నిన్నటి శత్రుదేశమైన జర్మనీ నుండి వచ్చినవారు కూడా అక్కడ పలుగూ పారా పట్టారు. ఉద్దేశం ఉదాత్తమైనదే అయినా, స్థానిక వ్యతిరేకత వల్ల కొద్ది నెలలకే శిబిరం ముగిసింది. అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకు ఇది తొలి అడుగని చెప్పడం పరిపాటి. అతిథేయ సమాజం ‘వద్దు’ అనగలిగిన సందర్భంగా కూడా దీనిని చదవవలసి ఉంది.

1968లో ఇవాన్ ఇలిచ్, మెక్సికో గ్రామాలలో వేసవి సేవకు సిద్ధమైన అమెరికా విద్యార్థుల సభలో ప్రసంగిస్తూ, చూడటానికీ నేర్చుకోవడానికీ వెళ్లండి, సాయం చేయడానికి మాత్రం వెళ్లవద్దన్నాడు. ఊరివారి భాష రానివారికి, ఊరివారు తమ గురించి ఏమనుకుంటున్నారో కూడా తెలియదన్నది ఆయన వాదన. అందులో కొంత అతిశయం లేకపోలేదు. అయితే తరువాతి కాలంలో సేవ రుసుము చెల్లించి కొనుక్కునే విహారయాత్రగా మారినప్పుడు, భాష గురించిన ఆ మాట మరింత బలపడింది.

కంబోడియా అనుభవం ఇందుకు నిదర్శనం. 2005-2010 మధ్య అక్కడి అనాథాశ్రమాల సంఖ్య సుమారు 75 శాతం పెరిగింది. అనాథలు ఆ మేరకు పెరిగారా? 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆశ్రమాలలోని పిల్లలలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లిదండ్రులలో కనీసం ఒకరు జీవించి ఉన్నారు. చదువు దొరుకుతుందన్న ఆశతో పేద కుటుంబాలు పిల్లలను పంపాయి; సందర్శకుల విరాళాలు ఆశ్రమాలను నిలబెట్టాయి. విరాళం రావాలంటే పేదరికం కంటికి కనబడాలి. కనుక పిల్లల స్థితి మెరుగుపడటం కొందరు నిర్వాహకులకు నష్టదాయకమైంది. రెండు వారాలు ఉండి, ముద్దుచేసి, ఫొటోలు దిగి వెళ్లిపోయే వారితో పిల్లలు పదేపదే అనుబంధం పెంచుకుని, పదేపదే దానిని కోల్పోయారు. ఎస్న్ వాసులకున్న నిరాకరణాధికారం ఈ పిల్లలకు లేదు. వారి తరఫున అంగీకారం తెలిపినది లాభపడే నిర్వాహకుడే.

ఇలా తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా చూపే పద్ధతిని పరిశోధకులు ‘కాగితపు అనాథలు’ అనే పరిభాషతో చర్చించారు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు విచారణ నివేదిక దీనిని ఆధునిక బానిసత్వ చర్చలోకి తెచ్చింది. సేవకులందరినీ దోషులుగా నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. వారిలో అధికులకు ఈ ఏర్పాటు తెలిసి ఉండదు. తెలియకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

కంబోడియా ప్రభుత్వం ఐదు ప్రాంతాలలో 30 శాతం పిల్లలను తిరిగి కుటుంబాలకు చేర్చే లక్ష్యాన్ని ప్రకటించింది. కాని సందర్శకుని విరాళం ఆశ్రమం పేరిట వచ్చినది, పిల్లవాని పేరిట కాదు. ఇల్లు చేరిన పిల్లవాని వెంట అది రాదు. అతడిని ఆశ్రమానికి పంపిన బడి ఖర్చు మాత్రం ఇంటివద్ద అలాగే ఉంటుంది.