వెల్డింగ్ పరిభాష

రెండు లోహపు ముక్కల అంచులను కరిగించి ఒకే ముక్కగా కలిపే పని వెల్డింగ్. తెలుగులో అన్నిటికీ అతుకు అన్న ఒక్క మాటే చెల్లిపోతుంది కాబట్టి టంకాన్నీ వెల్డింగునూ ఒకే గాటన కట్టడం మామూలైపోయింది. తేడా ఏది కరుగుతుందన్న దగ్గర ఉంది. టంకంలో ముక్కలు కరగవు, వాటి మధ్యకు పారే మెత్తని మిశ్రమలోహమే కరిగి పట్టుకుంటుంది. ఆ పూరక లోహం 450 డిగ్రీల సెల్సియస్ దాటాక కరిగేదైతే ఆ పనిని బ్రేజింగ్ అంటారు. పాత సైకిలు ఫ్రేముల గొట్టాలను కలిపింది ఎక్కువగా బ్రేజింగే. వెల్డింగులో మాత్రం ముక్కలే కరగాలి.

గేట్లు, గ్రిల్స్ చేసే షాపుల్లో తరచుగా కనిపించేది రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగ్. ఇక్కడి మాటలు ప్రధానంగా దానివే. హోల్డరులో బిగించిన రాడ్డు, అంటే ఎలక్ట్రోడు, కరెంటు దారిలో ఒక కొస. క్లాంపు తగిలించిన పని ముక్క రెండో కొస. ఆ క్లాంపును షాపుల్లో ఎర్త్ అంటారు గానీ దాని పని కరెంటును నేలలోకి పంపడం కాదు, తిరిగి మిషనుకు చేర్చడం. అది వదులైతే ఆర్క్ నిలవదు. రాడ్డు కొనతో ముక్కను గీరి కాస్త పైకి ఎత్తితే ఆ సందులో కరెంటు మండుతూ సాగుతుంది. ఆ మంటే ఆర్క్.

ఆర్క్‌తో లోహాన్ని అతికే పద్ధతిని రష్యాకు చెందిన నికొలాయ్ బెనార్డోస్ 1881లో కార్బన్ కడ్డీతో చేసి చూపాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ కార్బన్ బదులు కరిగిపోయే లోహపు కడ్డీనే వాడాడు. 20వ శతాబ్దం మొదట్లో స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పూత పూశాడు. ఈనాటి రాడ్డు ఆ పూత వల్లనే రాడ్డయింది.

ఆ పూత పేరు ఫ్లక్స్. అది మండినప్పుడు వచ్చే వాయువులు కరిగిన లోహాన్ని గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ తగలకుండా కాస్తాయి. మిగిలింది కరిగి పైకి తేలి, చల్లారాక పెంకు కడుతుంది. అదే స్లాగ్. కొత్తవాళ్లు ఆ పెంకునే అతుకనుకుంటారు. దాన్ని చిప్పింగ్ సుత్తితో కొట్టి, వైరు బ్రష్షుతో రుద్దితే గానీ కింది అతుకు కనబడదు.

రాడ్డు మీది అంకెలకూ అర్థముంది. అమెరికా పద్ధతి ప్రకారం 6013లో 60 అంటే, పడిన లోహం చదరపు అంగుళానికి కనీసం 60,000 పౌండ్ల లాగుడును తట్టుకోవాలి. తర్వాతి 1 అంటే అన్ని పొజిషన్లలోనూ వాడవచ్చు. చివరి రెండంకెలు కలిసి పూత రకాన్ని, ఏ కరెంటుకు పనికొస్తుందో చెబుతాయి. 7018 తక్కువ హైడ్రోజన్ రాడ్డు. దానికి తేమ తగలకూడదు. తేమలోని హైడ్రోజన్ ఉక్కులోకి చేరితే, అతుకు చల్లారి గంటలు గడిచాక కూడా పగులు రావచ్చు. అందుకే పెద్ద పనుల్లో ఆ రాడ్లను వేడి ఓవెన్లలో ఉంచి, కావలసినన్నే బయటికి తీస్తారు.

అతుకును అడ్డంగా కోసి చూస్తే మిగతా మాటలు తేలిగ్గా బోధపడతాయి. కరిగి ఉన్నప్పుడు అది మడుగు, షాపు మాటలో పూల్. చల్లారి గీతలా మిగిలితే బీడ్. ముక్క లోపలికి ఎంత లోతున కరిగిందో అది పెనెట్రేషన్. అతుకు అడుగు రూట్, బీడ్ వచ్చి ప్లేటు పైభాగాన్ని కలిసే అంచు టో. బీడ్ పక్కనే కరగకుండా వేడికి లోపలి నిర్మాణం మారిన పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరు హాజ్. ఆ పట్టీ కంటికి కనిపించదు గానీ చాలా పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

లంబకోణంలో నిలిచిన రెండు ప్లేట్ల మూలలో వేసేది ఫిల్లెట్. దాని రెండు పక్కల పొడవు లెగ్, మూల నుంచి బీడ్ ముఖానికి ఉన్న దగ్గరి దూరం థ్రోట్. లెగ్ 6 మిల్లీమీటర్లైతే థ్రోట్ సుమారు 4.2 మాత్రమే, ఇంజనీర్లు బలాన్ని లెక్కగట్టేది దాని మీదనే. పొట్ట ఉబ్బిన బీడ్ చూడటానికి దిట్టంగా ఉంటుంది గానీ ఆ ఉబ్బు లెక్కలోకి రాదు.

3.15 మిల్లీమీటర్ల 6013 రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపులు పెడతారు. తక్కువైతే రాడ్డు అంటుకుపోతుంది, లోహం ముక్కలో కలవకుండా పైనే కుప్ప పడుతుంది. ఈ కలవకపోవడమే లాక్ ఆఫ్ ఫ్యూజన్. ఎక్కువైతే టో వెంబడి గాడి పడుతుంది, అది అండర్‌కట్. వాయువు బుడగలు లోపల చిక్కితే పోరోసిటీ. చుట్టూ ఎగిరి పడే రవ్వల ముద్దలు స్పాటర్. వీటిలో స్పాటర్‌ను చూసే జనం విసుక్కుంటారు గానీ దాని నష్టం చాలావరకు అందానికే.

సీఓటూ వెల్డింగ్ అనే మిగ్‌లో తీగే ఎలక్ట్రోడు, అది చుట్ట నుంచి దానంతటదే వస్తుంది. టిగ్‌లో 3,422 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్ కొన, దాని చుట్టూ ఆర్గాన్. రెంటిలోనూ కాపలా బయటి వాయువుదే.

గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనల్లో కనిపించే 6జి అన్న మాట పొజిషన్ పేరు. జి అంటే గాడి చేసి నింపే గ్రూవ్ అతుకు. ప్లేట్లకు 1 పడుకోబెట్టింది, 2 అడ్డం, 3 నిలువు, 4 తలపైన. 6జిలో పైపును 45 డిగ్రీల వాలున బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, వెల్డరే చుట్టూ తిరగాలి. వంపు పరీక్ష పెడితే ఆ అతుకు నుంచి పట్టీలు కోసి, ప్రెస్సులో యు ఆకారానికి వంచుతారు. అమెరికా బాయిలర్ కోడ్ ప్రకారం వంగిన చోట 3 మిల్లీమీటర్లు మించిన చీలిక విచ్చుకుంటే, పైన బీడ్ ఎంత నున్నగా ఉన్నా వెల్డర్ ఫెయిలే.